ఒక్క మాటకు సరిపడా ఛార్జింగ్

"అక్కడి మన ఏజెంట్ హారికను పూర్తిగా నమ్మవచ్చు," అని ఢిల్లీ బ్రీఫింగ్‌లో చెప్పినప్పుడే ఏజెంట్ బాలగంగాధరం మనసు కీడు శంకించింది. రొయ్యల మేత డీలర్ వేషంలో ఐ.పోలవరం వచ్చాక అసలు రంగు బయటపడింది. మామిడికుదురు దగ్గర గ్యాస్ స్టేషన్‌లో సేఫ్టీ వాల్వులు పాడుచేయించిన విదేశీ ముఠాకు ఆవిడే లీడర్. డబుల్ ఏజెంట్! సాయంత్రం షిఫ్టు సైరన్ మోగగానే అక్కడ గ్యాస్ లైన్ తెరుస్తారు. తెరిస్తే ఊరు మిగలదు.

హైదరాబాద్ కంట్రోల్ రూమ్‌కి ఈ ముక్క చెప్పాలి. చెప్పడానికి ఉన్నది చచ్చిన శాటిలైట్ ఫోను. హారిక నవ్వుతూ కాఫీ కలిపిచ్చి, బ్యాటరీ ఖాళీ చేసి మరీ మాయమైంది. తుఫానుకు కరెంటు లేదు, టవర్లు లేవు, రోడ్డు మీద నడుములోతు నీళ్లు. రొయ్యల చెరువు గట్టు మీది జనరేటర్ కూడా మునిగింది. మిగిలింది డిపార్ట్‌మెంట్ వారి సోలార్ ఛార్జర్. తుఫాను డ్యూటీకి సోలార్ ఛార్జర్ ఇచ్చిన మహానుభావుడెవరో!

చెరువు కాపలా ఉండే గంగాదేవి తన ఇంట్లో ఎమర్జెన్సీ లైటు వెలిగించింది. దాని కింద పెడితే ఛార్జర్ మీద పచ్చదీపం మిణుకుమంది. ఫోను మాత్రం లేవలేదు.

"ఎక్కుతుందాండీ?"

"లేదమ్మా."

"మా అమ్మాయి తులసి ఇల్లు ఆ స్టేషన్ గోడ పక్కనేనండీ. బాలింత. ఇప్పుడెలాగండీ బాబుగారూ?"

బాలగంగాధరానికి పుట్టెడు దుఃఖం వచ్చింది. కంగారులో అప్పటిదాకా తట్టలేదు గానీ, ఇంట్లో దీపం మన కంటికే వెలుగు, ప్యానెల్‌కు అది చీకటితో సమానం. మబ్బు పట్టిన ఆకాశమే అంతకన్నా ఎన్నో రెట్లు నయం.

"అవతలికి కనబడే ప్లాస్టిక్ సంచి ఉందా అమ్మా?"

"రొయ్యపిల్లలు తెచ్చిన కవర్లున్నాయండీ."

ఛార్జర్‌నీ ఫోన్‌నీ కవర్లో చుట్టి ఇద్దరూ వానలోకి పరుగెత్తారు. గంగాదేవి దాన్ని ఆకాశానికేసి ఎత్తి పట్టుకుంది. చేతులు పీకుతున్నా దించలేదు. పొద్దు వాలిపోతోంది. బాలగంగాధరం ఆశ వదిలేసుకున్నాడు.

అప్పుడు స్క్రీన్ వెలిగింది. ఎర్రగా, ఒక్క శాతం.

లైన్ కలిసింది. అటు రాజోలు మనిషి, ఆపరేటర్ వెంకటసాయిరాం. "సార్! హారికగారు అంతా ఓకే అన్నారండీ. నాకే అనుమానంగా ఉంది. లైన్ ఆపించెయ్యమంటారాండీ?"

రూల్ ప్రకారం, ఆపించాలంటే 'గౌతమి గట్టున తెల్లకొంగ వాలింది' అని కోడ్ పూర్తిగా చెప్పాలి. స్క్రీన్ ఆరిపోతోంది.

"ఆయ్!" అన్నాడు బాలగంగాధరం.

ఫోను చచ్చిపోయింది.

"విన్నారంటారాండీ?"

"తెలీదమ్మా."

సైరన్ వేళ దాటింది. ఇద్దరూ పడమటికేసి చూస్తూ నిలబడ్డారు. మంట లేవలేదు. అయినా నమ్మకం కుదరక, గంగాదేవి బురదలో కూలబడి కూతురి పేరు పెట్టి ఏడ్చింది.

మర్నాడు రెస్క్యూ బోటులో కబురొచ్చింది. తులసి, బిడ్డ క్షేమం. హారిక మాత్రం దొరకలేదు. ముందురోజు కంట్రోల్ రూమ్‌లో డైరెక్టర్‌గారు ఆ 'ఆయ్' విని, "ఐ? ఐ వాట్?" అని అడిగేలోపే, గోదావరి వాళ్ల 'ఆయ్' అంటే 'అవునండీ' అని తెలిసిన సాయిరాం సైరన్‌కు ముందు క్షణంలో లైన్ ఆపించేశాడు.

కోడ్ చెప్పనందుకు బాలగంగాధరానికి మెమో వచ్చింది. ఎమర్జెన్సీ కోడ్ కూడా 'ఆయ్' అని మార్చారు. ఢిల్లీ వాళ్లకు ఇంకా పలకడం రావడం లేదు.