జూలై ఎనిమిదిన వచ్చిన మనిషి

సుమశ్రీ కనిపించకుండా పోయి అప్పటికి నలభై రెండు గంటలు.

2006 ఆగస్టు 9, బుధవారం. ఉదయం పదిన్నర. మధురానగర్‌లో సుమశ్రీ ఉండే ఆడపిల్లల హాస్టల్ రిసెప్షన్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంది అక్కడే ఉండే నవీన. వచ్చిపోయేవారి పేర్లు ఎక్కించే ఆ వెబ్ ప్రోగ్రామ్‌ను పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో రాసింది తనే.

"సోమవారం ఆ పిల్ల కోసం ఎవరెవరు వచ్చిండ్రు?" వెనకనుంచి ఇన్‌స్పెక్టర్ రాజనర్సయ్య అడిగాడు.

"ఒక్కడే సార్. విక్రమ్. మూడుంబావుకు."

విక్రమ్ సుమశ్రీ క్లాస్‌మేట్. పంజాగుట్టలోని గదినుంచి తెల్లవారగానే పట్టుకొచ్చారు. బేడీలతో బెంచీ మీద ఉన్నాడు.

"నోట్స్ ఇచ్చి పోయిన సార్. గంతే!"

పక్కనే హనుమత్ప్రసాద్ నిలబడ్డాడు. అమీర్‌పేటలో జాబ్ కన్సల్టెన్సీ అతనిది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగివ్వడం లేదని సుమశ్రీ అతనితో గొడవపడుతోందని రూమ్మేట్ చెబితే పిలిపించారు.

"ఆ అమ్మాయిని చూసి నెల దాటిందండీ," అన్నాడతను. "సోమవారం ఒక్క విక్రమే వచ్చాడని తేలిందిగా. రికార్డు చూసుకోండి."

నవీన వెతికింది. అతని పేరు ఒక్కచోటే ఉంది. జూలై 8, సాయంత్రం నాలుగున్నర.

స్క్రీన్ చూసే నెపంతో అతను వంగాడు. ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు: "నీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ నేనిచ్చిందే. గుర్తుందిగా?"

నవీనకు గుర్తుంది. రెండేళ్ల అనుభవం. ఒక్కరోజు కూడా చేయని ఉద్యోగం. ఆ కాగితం చూపించే ఇప్పటి ఉద్యోగంలో చేరింది.

"ఈ ప్రోగ్రామ్ ఇక్కడ ఎప్పుడు పెట్టినవమ్మా?" రాజనర్సయ్య అడిగాడు.

నవీన తలెత్తింది. విక్రమ్ వైపు చూసింది. బేడీల చేతులు ఒళ్లో పెట్టుకుని ఆమెనే చూస్తున్నాడు.

"జూలై ఇరవై, సార్."

"మరి జూలై ఎనిమిదిన ఇందుల పేరెట్ల ఎక్కింది?"

నవీన తెరమీది తారీఖును మళ్లీ చదివింది.

అప్పుడు తట్టింది నవీనకు. రిసెప్షన్‌లో కూర్చునే రుద్రమ్మ వైపు తిరిగింది.

"అక్కా, సోమవారం తారీఖు ఎట్ల కొట్టినవు?"

"ఏడు, ఏటవాలు గీత, ఎనిమిది, ఏటవాలు గీత, రెండువేల ఆరు."

"నేను మధ్యలో అడ్డగీతలు పెడతానమ్మా," అంది వార్డెన్ జానకీదేవి. "విక్రమ్ పేరు నేనే ఎక్కించాను."

"తప్పు నాది సార్," అంది నవీన. "అడ్డగీత ఉంటే పీహెచ్‌పీ ముందున్నది రోజనుకుంటది. ఏటవాలు గీత ఉంటే అమెరికా పద్ధతిలో ముందున్నది నెలనుకుంటది. ఆగస్టు ఏడు జూలై ఎనిమిదైంది. ఏ రూపంలో కొడ్తరో నేను ప్రోగ్రామ్‌కు చెప్పనే లేదు. జూలై ఇరవైన వచ్చినోళ్లను చూడండి. ఇరవయ్యో నెల లేదు కద, అక్క ఎక్కించినోళ్లందరినీ 1970 జనవరి ఒకటిన పడేసింది."

"అంటే ఈయన వచ్చింది సోమవారం నాలుగున్నరకు. విక్రమ్ తర్వాత," అన్నాడు రాజనర్సయ్య.

హనుమత్ప్రసాద్ గుమ్మం వైపు అడుగేశాడు. కానిస్టేబుల్ అడ్డం నిలిచాడు.

"ఎక్కడ పెట్టినవ్?"

"అబ్బే, నాకేం..."

"పిల్ల తిండి తిని రెండ్రోజులాయె. ఏమన్న అయితే హత్య కేసే!"

అతని మొహం పాలిపోయింది. "సనత్‌నగర్... మూసేసిన వర్క్‌షాప్. పోలీసులకు చెబుతానందండీ, దొంగ లెటర్ల సంగతి. సర్టిఫికెట్లిస్తానని తీసుకెళ్లాను."

పన్నెండుంబావుకు షట్టర్ తాళం పగిలింది. సుమశ్రీ మూల ముడుచుకుని ఉంది. పెదవులు పగిలాయి. వెలుతురు పడగానే చేతులు అడ్డం పెట్టుకుంది. నవీన దగ్గరికి వెళ్లి నీళ్లు పట్టింది.

"వాడొచ్చాడా?" సుమశ్రీ గొణిగింది.

"లేడమ్మా. ఇంక రాడు."

సాయంత్రం స్టేషన్లో దొంగ లెటర్లు తీసుకున్నవారి జాబితా మొదలైంది.

"నీకు తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?" అడిగాడు రాజనర్సయ్య.

నవీన పెన్ను అందుకుంది. మొదటి వరుసలో తన పేరే రాసింది.