నాలుగు గీతల ఊదుగొట్టం

ఆదివారం పొద్దున శైలజ వంటింట్లోకి అడుగుపెడితే పాల వాసన రాలేదు, తుపాకీ నూనె వాసన వచ్చింది. హాల్లో ఆమె మొగుడు జగదీష్ దుప్పటి పరిచి, తన పదకొండు పాత మిలిటరీ తుపాకులను వరసగా పడుకోబెట్టాడు. ఒక్కోదాన్నీ ఒళ్లోకి తీసుకుని, పుల్లకు గుడ్డ చుట్టి గొట్టంలోకి దూర్చి, బయటికి లాగి, గుడ్డకంటిన మురికిని డాక్టరులాగా పరీక్షిస్తున్నాడు. ఆ గుడ్డ శైలజ ఇడ్లీలకు వాడే గుడ్డ.

పదేళ్లుగా ఆ ఇంట్లో ఇదే పూజ. సూర్యాపేటలో హార్డ్‌వేర్ దుకాణం నడిపే మనిషికి ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందో ఎవరికీ తెలియదు. అన్నీ పేలకుండా చేసినవే. అన్నిటికీ కాగితాలున్నాయి, ఆ కాగితాలకు ఫ్రేములున్నాయి. కర్రకు ఒక నూనె, ఇనుముకు ఒక నూనె. చెమట చేత్తో ఎవరైనా ముట్టుకుంటే మండిపడతాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఒకటే పాఠం చెబుతాడు, తుప్పు తియ్యాలి గానీ వయసు తియ్యొద్దని. అదే మనిషి, కన్నతల్లికి కంటి ఆపరేషన్ అయి మూడు వారాలైనా చుక్కల మందు ఒక్కసారి తన చేత్తో వేయలేదు. ముసలి ఇనుముకు దొరికే సేవ ఆ ఇంట్లో ముసలి మనిషికి దొరకలేదు.

ఆ తల్లి లచ్చమ్మ. ఎనభై దాటింది. ఆపరేషన్ కోసం తిరుమలగిరి నుంచి మూటతో వచ్చింది. మూటలో రెండు చీరలు, వక్కల సంచి, మసిపట్టిన ఇనుప ఊదుగొట్టం. కరెంటు నీళ్లు ఒంటికి పడవంటూ పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని, ఆ గొట్టంతో కట్టెల మంట ఊదుకుని నీళ్లు కాచుకునేది. ఊదడం అయ్యాక గొట్టాన్ని తెచ్చి వంటింటి మూల నిలబెట్టేది. కొత్త టైల్స్ మీద మసి చూసి శైలజకు ఒళ్లు మండేది. నాలుగు రోజుల కింద తనే దాన్ని రెండు వేళ్లతో పట్టుకెళ్లి, పాత ఇనుములో పడేయమని మొగుడి చేతిలో పెట్టింది.

జగదీష్ పడేయలేదు. బొటనవేలితో మసి తుడిచి, కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. లావు కొన దగ్గర చిన్న కిరీటం ముద్ర, దాని కింద అంకెలు. లోపల టార్చి వేస్తే మెలి తిరుగుతూ పోయిన ఏడు పలకలు. ఇంగ్లీషు సైన్యం వాడిన మార్టినీ రైఫిల్ గొట్టం, నూటనలభై ఏళ్ల నాటిది, ఎవరో మూరెడు ఉంచి తక్కినది కోసేశారు. కాగితాల సంగతి కూడా తానే చూసుకుంటానని ఎగిరాడు. తల్లికి కొత్త రేకు గొట్టం తెచ్చిచ్చి, పాతది రిపేరుకు ఇచ్చానన్నాడు. ఊదుగొట్టానికి రిపేరేందిరా అని ఆమె నవ్వింది. అబద్ధానికి అక్కడితో సరిపోయింది. ఇక నాలుగు రోజులు కిరోసిన్‌లో నానబెట్టుడు, బ్రష్షుతో రుద్దుడు, గొట్టం నిండా గ్రీజు కుక్కుడు. మిర్యాలగూడలో ఒక వడ్రంగి దానికి తుపాకీకి ఉన్నట్టే టేకు కర్ర పిడి బిగిస్తానన్నాడు. బిగిస్తే అది హాల్లో గోడకెక్కుతుంది. లచ్చమ్మ చేతికి మళ్లీ రాదు.

పదింటికి కోదాడ నుంచి నాగభూషణం కారులో దిగాడు. ఆయనకూ ఇదే జబ్బు, ఇంకా ముదిరింది. ఇద్దరూ కలిసి గొట్టం తీసుకుని మిర్యాలగూడ పోవాలి. శైలజ టీ ఇచ్చేసరికి ఆయన భూతద్దం పెట్టి గొట్టం కింది వైపు చూస్తున్నాడు. మసి వదిలిన చోట పక్కపక్కనే నాలుగు గీతలు తేలాయి, ఆకురాయితో కోసినట్టు.

"ఇవి ఫ్యాక్టరీవి కావండీ జగదీష్ గారూ," అన్నాడు నాగభూషణం, గీతల మీద బొటనవేలు ఆడిస్తూ. "వాడినవాడు కోసుకున్నాడు. గీతకో తలకాయ. నలుగుర్ని పడగొట్టిందన్నమాట. ఇలాంటి ముక్క మా కోదాడలో ఒక్కరి దగ్గరా లేదు."

జగదీష్ ముఖం వెలిగిపోయింది. "మా ఇంటిది సార్. ఊరికెనే ఉంటదా మరి," అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి శైలజకు ట్రే విసిరికొట్టాలనిపించింది. నలుగురు చచ్చారంటే ఆ నవ్వేమిటి? మెడల్ వచ్చినట్టు ఆ నిగనిగేమిటి?

అప్పటికే లచ్చమ్మ గుమ్మంలో ఉంది. నల్ల కళ్లద్దాలు, చేతిలో వంకరపోయిన రేకు గొట్టం. అది వేడెక్కి పెదవి కాలుతోందని చెప్పడానికి వచ్చింది. బల్ల దగ్గరికి నడిచి, నాగభూషణం చేతిలోంచి తన గొట్టం తీసుకుంది. ఏళ్ల తరబడి అలవాటైన నోరు, దానంతట అదే దాని కొనకు ఆనింది. ఊదింది. గాలి పోలేదు. పెదవుల నిండా గ్రీజు అంటింది. ఆమె అక్కడే, మెరిసే బండల మీద ఉమ్మింది. మళ్లీ ఉమ్మింది.

"దీని నోట్లె ఏం కుక్కినవ్‌రా?"

తుప్పు పట్టకుండా పెట్టానని, దీని విలువ నీకు తెల్వదమ్మా అని జగదీష్ ఏదో గొణిగాడు.

"నాకు తెల్వదా?" లచ్చమ్మ వేలు మొదటి గీత మీద ఆగింది. కన్ను కనబడక్కర్లేదు, వేలికి తెలుసు. "గీ గీత మా నాయిన. వెట్టికి రానన్నడని దొర గడీ ముంగట కాల్చిండ్రు. నేను ఉయ్యాలల ఉన్న. గిది మా మ్యానమామ. గిది సాకలి ఎంకడు. గీ కడపటిది నీళ్లకు పోయిన పిల్ల, పేరు గూడ మిగల్లే. దొర మనిషి ఒక్కొక్కళ్లను కాల్చి, కూసోని గీత గీసుకున్నడు. నువ్ గిప్పుడు నవ్వినట్టే నవ్వుకుంట."

ఆమె గొంతు పెంచలేదు. సాయుధపోరాటం నాడు జనం గడీ మీద పడ్డ రోజు ఈ తుపాకీ మర విరిగి బయటపడిందనీ, పనికిరాదని దళంవాళ్లు వదిలేశారనీ, తన తల్లి దాన్ని ఈడ్చుకుంటూ కమ్మరి కొలిమికి తీసుకుపోయిందనీ చెప్పింది.

"మా అమ్మ దగ్గరుండి కోపిచ్చింది. ఇగ దీంట్లకెల్లి బువ్వ ఉడికే గాలే పోవాలె అన్నది. మా అమ్మ ఊదింది, నేను ఊదిన. గా బువ్వ తినే నువ్ గింత పెరిగినవ్. కిరీటం ముద్ర సదివినవ్, ఏండ్లు లెక్కవెట్టినవ్. అమ్మా, ఇది మనింట్లకు ఎట్ల వచ్చిందే అని ఒక్కనాడన్న నన్ను అడిగినవా?"

నాగభూషణం భూతద్దం జేబులో వేసుకుని, మళ్లీ వస్తానంటూ లేచాడు. ఆయన్ను ఎవరూ సాగనంపలేదు.

శైలజకు ఇప్పుడు అసహ్యం మొగుడి ఒక్కడి మీదే లేదు. టైల్స్ పాడవుతాయని ఆ గొట్టాన్ని రెండు వేళ్లతో పట్టుకుపోయింది తనే. లచ్చమ్మ ముందు కూర్చుని, కొంగుతో ఆమె పెదవుల మీది గ్రీజు తుడిచింది. "నేనే ఇచ్చిన అత్తమ్మా. పారేయమని నేనే ఇచ్చిన." మిగతా మాట ఏడుపులో పోయింది. లచ్చమ్మ కోడలి తల మీద గ్రీజు చెయ్యే వేసింది.

జగదీష్ గొట్టం పట్టుకుని పెరట్లోకి పోయాడు. కుంకుడు రసం, వేడినీళ్లు, బూడిద. పుల్లకు గుడ్డ చుట్టి దూర్చాడు, లాగాడు. ఈసారి గుడ్డను పరీక్షించలేదు. ఎంత కడిగినా వాసన పోలేదు. మూడు రాళ్ల మధ్య కట్టెలు సగం ఆరి పొగ చిమ్ముతున్నాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, గొట్టం కొన నోట్లో పెట్టుకున్నాడు. చేదు. నాలుకంతా నూనె. కక్కు వచ్చింది. మింగి, ఊదాడు. బూడిద ఎగిరి మొహాన పడింది.

హాల్లో దుప్పటి మీద పదకొండు తుపాకులు ఇంకా మెరుస్తున్నాయి. వాటి అడుగున ఎవరి గీతలున్నాయో, ఎక్కడి ఏ ఇంటి మనుషులో ఆయన ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి, పొగకో దేనికో.

వెనక నుంచి లచ్చమ్మ వచ్చి, కొడుకు భుజం ఆసరాతో రాయి మీద కూర్చుంది.

"జర గట్టిగ ఊదు బిడ్డా," అంది. "నీళ్లింక కాగలే."