పదిహేడో మంచం కాళ్ళ దగ్గర

పదిహేడో మంచం పేరెత్తితే ఆ పెద్దాసుపత్రి ఎముకల వార్డులో ఎంతటివాళ్ళైనా మాట మార్చేసేవారు.

వార్డు చివర, గోడ మూలకి ఉండేదది. పైనున్న లైటు ఎన్నిసార్లు మార్చినా నాలుగు రోజులకే మాడిపోయేది. ఏడాది తిరక్కుండా ఆ మంచం మీద ముగ్గురు పోయారు. కాలో తుంటో విరిగి వచ్చినవాళ్ళే... పోవలసిన జబ్బు ఒక్కరికీ లేదు. పోయేముందు ముగ్గురూ ఒకటే మాట చెప్పారట.

"రాత్రి ఎవరో ఆడమనిషి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంటోంది..."

మా పిన్నికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. నర్సింగు రెండో సంవత్సరం చదువుతోంది. ఇది ఆవిడ నోట విన్నదే, నేను కల్పించింది ఒక్క ముక్క లేదు.

ఆవిడకి అది మొదటి నైట్ డ్యూటీ. సిస్టరు పిలిచి మెల్లిగా చెప్పింది.

"పదహారు మంచాలూ చూసి వచ్చెయ్. పదిహేడు దగ్గరికి వెళ్ళకు. నాడీ, ఊపిరీ సాయంత్రం వాళ్ళు రాసిన అంకెలే నువ్వూ ఎక్కించెయ్."

"మనిషిని చూడకుండానా సిస్టర్?"

"ఏం, ప్రాణం మీద తీపి లేదా?" అని నవ్వేసింది సిస్టరు. నవ్విందే గానీ, ఆ మూల వైపు మాత్రం తలెత్తి చూళ్ళేదు.

పిన్ని మహా ధైర్యవంతురాలేం కాదు. రాత్రి పెరట్లోకి వెళ్ళాలంటే మా అమ్మని తోడు లాక్కెళ్ళే రకం. కానీ వారం కిందటే, రోగిని చూడకుండా అంకెలు రాసిందని పాఠాలు చెప్పే మేడం ఆవిడ కాగితాన్ని క్లాసందరి ముందూ చింపేసింది. "ముందు చూడు, అడుగు, చేత్తో తాకు, విను. రాయడం అన్నిటికంటే ఆఖర్న!" అంది. ఆ సిగ్గు ఇంకా చల్లారలేదు. భయం కంటే అదే ఎక్కువైంది.

రెండు గంటలకి టార్చి పట్టుకుని బయల్దేరింది.

మంచం మీద ఒక దర్జీ. అరవై దాటినవాడు. నిచ్చెన మీంచి పడి కుడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కాలికి బరువు కట్టి పన్నెండు రోజులుగా కదలకుండా పడుకోబెట్టారు. కళ్ళు తెరుచుకునే ఉన్నాడు.

"నిద్ర పట్టలేదా తాతగారూ?"

"ష్... వెళ్ళిపోయిందా?"

"ఎవరు?"

"ఆవిడే... ఇందాక వచ్చి నా కాలు పట్టుకుంది."

పిన్ని టార్చి మంచం చుట్టూ తిప్పి చూసింది. ఎవరూ లేరు. అయినా అడగవలసింది అడిగింది.

"ఏ కాలు?"

"ఎడమది."

విరిగింది కుడిది కదా...

టార్చి స్టూలు మీద పెట్టి ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి పరుగులు పెడుతోంది. చెయ్యి వదలకుండా, గడియారం చూస్తూ, ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టింది. ముప్ఫై! కాగితం మీద పద్దెనిమిదని రాసి ఉంది.

జ్వరానికో మందులకో మతి చెదిరి ఇలా మాట్లాడుతున్నాడేమో అనుకుంది. పేరు అడిగింది — చెప్పాడు. ఇవాళ ఏ వారం అంటే చెప్పాడు. తన కొట్టుకి ఎటుగా వెళ్ళాలో మలుపులతో సహా చెప్పాడు.

మనిషికి మతి చక్కగా ఉంది. అంటే... ఆయన చూసింది నిజమే.

సరిగ్గా అప్పుడు — మంచం కాళ్ళ వైపు దుప్పటి కదిలింది.

పిన్ని తల తిప్పింది. నెత్తి మీంచి తెల్లటి ముసుగు. చెప్పుల చప్పుడు లేదు. ఎప్పుడు వచ్చిందో తెలీదు. వంగి... రెండు చేతులూ దుప్పటి కిందికి పోనిస్తోంది.

పిన్ని చెయ్యి దానంతటదే కదిలి, ఆ ముసుగు మనిషి మణికట్టుని ఒడిసిపట్టుకుంది. అలవాటుకొద్దీ మూడు వేళ్ళూ నాడి మీదే పడ్డాయి.

వెచ్చగా ఉంది. కొట్టుకుంటోంది.

"నేనేనమ్మా... అరవకు. సిస్టరు తిడుతుంది."

రాత్రిపూట వార్డు ఊడ్చే ఆయమ్మ! చలికి దుప్పటి ముసుగేసుకుంది.

"ఈ మూలకి మీరెవరూ రారు కదా తల్లీ. నొప్పి నొప్పని మూలుగుతుంటే చూళ్ళేక, కాస్త కాలు పిసికి పోదామని..."

పిన్నికి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. దర్జీ కూడా ఊపిరి పీల్చుకున్నాడు. "నువ్వా ఆయమ్మా! హడలగొట్టి చంపావు కదే. సరే, కాస్త గట్టిగా పిసుకు. పిక్క లాగేస్తోంది."

ఆయమ్మ చేతులు మళ్ళీ దుప్పటి కిందికి వెళ్ళాయి.

"ఆగు!"

పిన్ని దుప్పటి ఎత్తింది. ఎడమ పిక్క వాచి, నున్నగా మెరుస్తోంది. తాకితే కాలిపోతోంది. కట్లు కట్టే గాజుగుడ్డ పీలిక కుడి పిక్కకి చుట్టి చూసింది, తర్వాత ఎడమదానికి. రెండు వేళ్ళ తేడా.

"ఎవరూ ఆ కాలు ముట్టుకోవద్దు!" అని చెప్పి పరిగెత్తింది.

డాక్టరు వచ్చాడు. కాలు చూశాడు, ఊపిరి చూశాడు. "పిక్కలో నెత్తురు గడ్డకట్టింది. ముక్క అప్పుడే ఊపిరితిత్తుల్లోకి పోయినట్టుంది. ఇంకాస్త పిసికి ఉంటే మిగతాదీ పోయేది... మనిషి దక్కేవాడు కాదు."

ఆక్సిజన్ పెట్టి, సూది మందు ఎక్కించి, మంచంతో సహా తోసుకుపోయారు. దర్జీ బతికాడు. రెండు నెలలకి చేతికర్రతో నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు.

కానీ ఆ తెల్లవారుజామున, ఖాళీ అయిన మూలలో ఆయమ్మ ఒక్కతే నిలబడి ఉంది. డాక్టరు మాటలన్నీ విన్నట్టుంది. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"నాకు చదువు లేదమ్మా, నువ్వే చెప్పు..." గుసగుసగా అడిగింది. "ముందు ఆ ముగ్గురు కూడా ఇలాగే కాలు లాగుతోందని ఏడ్చారు. నేనే... రాత్రంతా కూర్చుని పిసికాను."

పిన్ని ఆయమ్మ చెయ్యి పట్టుకుంది.

"నా వల్ల కాదు కదూ?"

"కాదు ఆయమ్మా," అంది పిన్ని. "మేమెవరమూ వచ్చి చూళ్ళేదు. అదీ అసలు తప్పు..."

ఆయమ్మ ఇంకేం అడగలేదు. చీపురు గోడకి ఆనించి, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ పనిలోకి రాలేదు.