తరవాణి కుండ తోమిందెవరు?

1953 ఏప్రిల్. నాగపూర్ మైదానంలో ప్రాక్టీసు చేస్తున్న ఓ రన్నర్ ఉన్నట్టుండి కుప్పకూలాడు. లేపి చూస్తే ప్రాణం లేదు. డాక్టర్లు వడదెబ్బ అన్నారు. గూఢచారి శాఖ చీఫ్ నమ్మలేదు.

"రక్తంలో కొత్త డ్రగ్ దొరికింది మల్లేశ్వరరావ్," అన్నాడు. "అలసట తెలియనివ్వదు. గుండె ఆగేదాకా పరిగెత్తిస్తుంది. ఓ విదేశీ ముఠా తమ సైన్యం కోసం తయారుచేస్తోంది. పరీక్షలు మాత్రం మన కుర్రాళ్ల మీద!"

"తర్వాతి టార్గెట్?"

"భీమారావు. రాయ్‌పూర్‌లో ఇంజన్లో బొగ్గు వేసే రైల్వే ఫైర్‌మన్. మే నెలలో అభన్‌పూర్ దాకా రేసు ట్రయల్ ఉంది. నువ్వు క్యాంపులో వంటవాడివి. అక్కడ మన ఏజెంటు కలుస్తుంది."

క్యాంపులో చేరిన మూడో రోజు వంటింటి గడపలో సెంటు గుప్పుమంది. నీలం జార్జెట్ చీర, నల్ల కళ్లద్దాలు.

"గ్రీకు వస్తాదులు ఏం తినేవారు?"

"మొదట్లో అత్తిపళ్లు," అన్నాడు మల్లేశ్వరరావు గరిటె ఆపి.

"మాంసం తర్వాతే," అందామె.

కోడ్ సరిపోయింది. ఆమే డాక్టర్ గంగాభవాని, క్యాంపు ఆహార నిపుణురాలు. మాది బొబ్బిలి అంది, అక్కడి రైల్వే క్వార్టర్స్‌లోనే పెరిగానంది. ఇంకేముంది, మనవాడు పడిపోయాడు! ఏడేళ్ల సర్వీసులో ఎవరినీ నమ్మనివాడు, మూడు వారాల్లో పెళ్లి సంగతి ఇంటికి ఉత్తరం రాసేశాడు.

ఆమె పాఠం చెబుతుంటే వంటింట్లోంచి చెవులు రిక్కించేవాడు. "మాంసం తింటేనే బలమని వేల ఏళ్లు నమ్మారు. మారథాన్ పరిగెత్తినవాళ్ల రక్తం పరీక్షిస్తే చక్కెర పడిపోయి కనిపించింది. పరుగుకి కావలసింది పిండిపదార్థం. చెమటకి బదులు నీళ్లు, ఉప్పు. కండరాల మరమ్మతుకి మాంసకృత్తులు."

"అంటే బొగ్గు, నీళ్లు, వర్క్‌షాపూ అన్నమాట!" అన్నాడు భీమారావు. అంతా గొల్లున నవ్వారు.

రేసుకి రెండు రోజుల ముందు ఆమె అడిగింది: "భీమారావు ఇక్కడ తినడేం?"

"మటన్ తింటే అడుగు పడదట. వాళ్లమ్మ కుండలో పులియబెట్టే గంజి, ఆ తరవాణే తాగుతాడు. రేసు రోజున కూడా అదే," అన్నాడు మల్లేశ్వరరావు. ఆ మాట అతను మరెవ్వరికీ చెప్పలేదు.

రేసు రోజు ఉదయం స్టార్టింగ్ లైన్ దగ్గర భీమారావు మరచెంబు మూత తిప్పుతున్నాడు. ఇంకో అయిదు నిమిషాలుంది. అంతలో వాళ్లమ్మ అప్పలనరసమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"ఒరే భీమా! నా తరవాణి కుండ ఎవల్రా తోమీసినారు?"

"నానెరగనే అమ్మా! నువ్వు నిద్దరోతుంటే ముంచుకొచ్చీసినాను."

"అడుక్కంటా గీకీసి కొత్త గంజి పోసీసినారు! మూడేళ్ల పులుపు, ఏకదమ్ ఖతమ్! మనోల్లెవలైనా తోముతార్రా తరవాణి కుండ?"

తోమరు. అడుగున పాత నీళ్లు ఉంచి, పైన కొత్త గంజి పోస్తారు. ఆ పాత నీళ్లే తోడు. బొబ్బిలి క్వార్టర్స్‌లో పెరిగిన ఏ ఆడపిల్లకైనా తెలిసిన సంగతి. తరవాణి సంగతి మల్లేశ్వరరావు చెప్పింది గంగాభవాని ఒక్కదానికే.

చెంబు భీమారావు పెదాలకు తగలబోతోంది. ఒక్క గెంతు గెంతి లాగేశాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఫౌంటెన్ పెన్ విప్పి, లోపల దాచిన డ్రగ్ పరీక్ష కాగితం తరవాణిలో ముంచాడు. కాగితం నీలమైంది.

డాక్టర్ల టెంటు ముందు గంగాభవాని చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. ఈలోపే మల్లేశ్వరరావు సైగ చూసిన ఇద్దరు మఫ్టీ పోలీసులు ఆమె మణికట్టు పట్టుకున్నారు. చిన్న పిస్టల్ కిందపడింది.

"మన ఏజెంటువై శత్రువుకే పనిచేశావన్నమాట! బొబ్బిలి కూడా అబద్ధమేనా?" అన్నాడు.

"అదొక్కటే మిగిలిందా నీకు?" ఆమె నవ్వింది. "పాత పులుపుకి మందు విరిగిపోతుందేమోనని కుండ తోమాను. నేనేమీ దొంగిలించలేదు మల్లేశ్వర్. అన్నీ నువ్వే చెప్పావు."

అతనికి కొట్టాలనిపించింది, ఏడవాలనిపించింది. రెండూ చేయలేదు.

పక్కింటివాళ్లు తెచ్చిన తరవాణి, ఉప్పుగల్లు, బెల్లంముక్కతో భీమారావు రేసు పూర్తిచేశాడు. రెండో స్థానంలో వచ్చి సెలెక్టయ్యాడు.

మర్నాడు మల్లేశ్వరరావు రిపోర్టు ఫారం నింపాడు. "శత్రువుకు సమాచారం అందించిన వ్యక్తి" అన్నచోట తన పేరు రాసుకున్నాడు. "ఆ వ్యక్తిపై తీసుకోవలసిన చర్య" అన్నచోట కాస్సేపు ఆలోచించి రాశాడు: "అవసరం లేదు. శిక్ష మొదలైంది."