విరామం తర్వాతి చీకటి

వ్యూఫైండర్ పోయింది.

అరచేతిలో పట్టే గొట్టం అది. షాట్ ఎలా వస్తుందో దర్శకుడు దాన్ని కంటికి పెట్టుకుని చూసుకుంటాడు. ఓ గొప్ప హాలీవుడ్ దర్శకుడు ఎడారిలో వేలమంది సైనికులను అందులోంచే చూశాడని పార్థసారథి చెప్పేవాడు. రేపు దాన్ని పరీక్షించడానికి నిపుణుడు వస్తున్నాడు.

సింగపూర్ బూన్ లేలోని పార్థసారథి ఫ్లాట్‌లో ప్రతి నెలా ఓ పాత ఎపిక్ సినిమా వేస్తారు. ఈ రాత్రి షో మధ్యలోనే ఆగిపోయింది. ప్రైవేట్ డిటెక్టివ్ ఉజ్వలకు ఫోన్ వెళ్లింది. ఆమె వచ్చేసరికి సినిమాకి వచ్చినవాళ్లంతా అక్కడే ఉన్నారు.

"ఎప్పుడు పోయింది అంకుల్?"

"ఇంటర్వెల్ అయిపోయి లైట్లు ఆర్పే ముందు నేనే బీరువా తెరిచి చూశానమ్మా, ఉంది. తర్వాత ఐదు నిమిషాలు తెర నల్లగా ఉండి మ్యూజిక్ మాత్రమే వస్తుంది. ఆ కాలం థియేటర్లలో అలాగే వేసేవాళ్లు. అప్పుడు నా ఇంట్లో ఎవరూ లేవకూడదు. రాజామణి లేచింది. బొమ్మ పడగానే బీరువా తెరిస్తే ఖాళీ."

రాజామణి పక్క ఫ్లాట్ ఆవిడ. మలేసియాలోని జొహోర్ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. మాట చివర అక్కడి 'లా' వచ్చేస్తుంది.

"బాత్రూమ్‌కి పోయినాను లా."

"బ్యాగ్ తెరవండి ఆంటీ."

"ఇక్కడ వద్దమ్మా. లోపల చూద్దాం."

ఆ వెనకాడటమే ఉజ్వలకు అనుమానం కలిగించింది. తనే బ్యాగ్ అందుకుని టేబుల్ మీద బోర్లించింది.

మందులు. తాళాలు. పెద్దవాళ్ల డైపర్లు రెండు.

ఉజ్వల చెవులు వేడెక్కాయి. మొహం తిప్పుకోవడానికి తెర పక్కనున్న బీరువా తలుపు లాగింది. లోపల దీపం వెలిగింది. మూసింది. ఆరిపోయింది. తెరకు ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుడి వైపు తిరిగింది.

"మహీధర్ గారూ, ఆ చీకట్లో ఈ దీపం వెలగడం చూశారా?"

"లేదండీ. సమోసా అనుకుని పక్కాయన వేలు పట్టుకున్నాను. అంత చీకటి."

ఎవరూ నవ్వలేదు.

"అయితే చీకట్లో ఈ బీరువా ఎవరూ తెరవలేదు," అంది ఉజ్వల. "అంతకుముందు ఆఖరున తెరిచింది మీరే అంకుల్."

పార్థసారథి కుర్చీలో కూలబడ్డాడు. లాల్చీ జేబులోంచి వ్యూఫైండర్ తీశాడు.

"పాత సామాన్ల బజార్లో కొన్నాను. ఆ దర్శకుడిదని ఇన్నేళ్లుగా చెప్పుకున్నాను. రేపు బయటపడిపోతుంది. పోయిందంటే చాలనుకున్నాను. ఆవిడ లేచేసరికి... పేరు నోట్లోంచి వచ్చేసింది."

"ఆవిడతో చెప్పండి."

"తప్పయిపోయింది రాజామణీ." తల ఎత్తలేకపోయాడు.

రాజామణి ఒక్కో వస్తువూ బ్యాగ్‌లో పెట్టుకుంటోంది. అతని వైపు చూడలేదు.

"ఆయన పరువు కోసం చేసినాడు. నీకేం వచ్చిందమ్మా? లోపల చూద్దాం అని అడిగినాను కదా."

ఉజ్వలకు కుర్చీ కిందికి జారిన మందుబిళ్లల అట్ట కనిపించింది. వంగి తీసి, రెండు చేతులతో అందించింది.

రాజామణి తీసుకుంది. బ్యాగ్ జిప్పు మూసుకుంది.