తన్విత స్లైడ్

"ఇద్దరి తొడలకీ పట్టీలు బిగించాను. ఇప్పుడు గెంతండి," అంది డాక్టర్ హైమవతి.

విశాఖపట్నం ఐస్ రింక్ మధ్యలో తన్విత, రూబెన్ పక్కపక్కనే గాల్లోకి లేచారు. మూడు చుట్లు తిరిగి మంచు మీద దిగారు. ఇద్దరి స్కేట్లకూ కలిపి ఒక్కటే చప్పుడు. తన్విత నమ్మలేనట్టు పక్కకి చూసింది. ఇన్నేళ్లుగా రూబెన్ ఎప్పుడూ ఆమెకన్నా రవ్వంత ఆలస్యంగానే దిగేవాడు. పతకాలన్నీ ఆ రవ్వంత దగ్గరే చేజారాయి.

"వీణ్ణేం చేశారు మేడమ్?"

"అతన్నేమీ చెయ్యలేదు. కండరం కదిలేముందు నరం దానికి చిన్న విద్యుత్ సంకేతం పంపుతుంది. అతని తొడ మీది సెన్సర్ దాన్ని పసిగట్టి నీ పట్టీకి అందిస్తుంది. నీ పట్టీ నీ కండరాన్ని తట్టిలేపుతుంది. నీ సంకేతం అతనికీ అలాగే వెళ్తుంది."

"అయితే ఇక నేను 'హప్' అని అరవక్కర్లేదా?" అన్నాడు రూబెన్. గెంతేముందు జంటలో ఒకరు అలా కేకేసి రెండోవారిని సిద్ధం చేస్తారు.

"నా చెవులు బతికాయిరా!" అంది తన్విత.

అంతర్జాతీయ స్కేటింగ్ ఫెడరేషన్ ఈ పట్టీలను ఆ ఏడాదే అనుమతించింది. తన్వితకు ముప్పై దగ్గరపడ్డాయి. ఆసియా పోటీల్లో పతకం రాకపోతే రూబెన్‌ని పదహారేళ్ల అమ్మాయితో జత చేస్తానని కోచ్ తేల్చి చెప్పేశాడు. జంట స్కేటింగ్‌లో మగవాళ్లు కరువు, ఆడపిల్లలు బారులు తీరి ఉంటారు. రూబెన్ పోతే తన్విత ఇంటికే.

కజకిస్తాన్‌లోని ఆల్మటీలో ఆసియా పోటీ చివరిదాకా తిరుగులేకుండా సాగింది. ఆఖరి గెంతులో రూబెన్ స్కేటు మంచు గాడిలో ఇరుక్కుని అతని మోకాలు మడతపడింది. తన్విత చక్కగా దిగింది. కానీ సంకేతం అప్పటికే చేరిపోయింది. ఆమె మోకాలూ మడతపడింది. ఇద్దరూ ఒకే వైపు ఒరిగి, ఒకేలా చెయ్యి ఆనించి, ఒకే దూరం జారి, ఒక్కసారే లేచారు.

"నీతోపాటు నన్నూ ముంచావు గదరా!" నవ్వు చెదరనివ్వకుండా పళ్లమధ్య నుంచి అంది.

"నేను కాదే తల్లీ, పట్టీ!"

హాలు చప్పట్లతో హోరెత్తిపోయింది. స్వర్ణం వాళ్లకే వచ్చింది.

తన్విత ఊరుకోలేక ప్రధాన న్యాయనిర్ణేత దగ్గరికి వెళ్లింది. "అది స్టెప్ కాదండీ. మేం పడిపోయాం."

ఆవిడ నవ్వింది. "ఇంత కచ్చితంగా పొరపాటున ఎవరూ పడరమ్మా. మీ వినయం ముచ్చటగా ఉంది."

పతకం వచ్చింది కాబట్టి తన్విత, రూబెన్‌ల జత విడిపోలేదు. మరుసటి సీజన్‌కల్లా అన్ని దేశాల జంటలూ ఆ స్టెప్పే చేశాయి. ఫెడరేషన్ దానికి 'తన్విత స్లైడ్' అని పేరుపెట్టి ప్రతి జంటా చేసి తీరాలంది.

చిక్కల్లా అక్కడే వచ్చింది. పడకుండా ఉండటమే ఇద్దరూ చిన్నప్పటినుంచీ నేర్చుకున్న విద్య. కావాలని పడబోతే ఒంట్లో ప్రతి కండరం ఎదురుతిరిగేది. రూబెన్ కాలు తమాయించుకుంటే పట్టీ దాన్నీ నమ్మకంగా తన్వితకు చేరవేసేది. ఇద్దరూ కలిసికట్టుగా నిటారుగా నిలబడేవారు. మొండిగా కూలబడితే చాపమీద కూర్చుంటున్నట్టుండేది.

ప్రపంచ పోటీల్లో తన్విత స్లైడ్‌కి అందరికన్నా తక్కువ మార్కులు తన్వితకే వచ్చాయి. 'సహజత్వం లేదు' అన్నారు.

తిరిగొచ్చాక తన్విత నేరుగా హైమవతి ల్యాబ్‌కి వెళ్లింది.

"మేడమ్, పడకుండా ఆపుకునే అలవాటు మాన్పించే మెషీన్ ఏదైనా ఉందా?"

"లేదమ్మా," అంది హైమవతి, అద్దాలు తుడుచుకుంటూ. "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

"నేను అడుగుతున్నాగా. మొదలెట్టండి."