ఎర్రమూత సీసా

ఎర్రమూత సీసాలోని మందు పసికందుల కాలేయాన్ని తినేస్తోందన్న మాటను ఆ ఆసుపత్రిలో నమ్మనివారు లేరు. లిఫ్టులోనూ అదే మాట, మందుల కౌంటరు ముందూ అదే మాట. పైత్యరసం కాలేయంలోనే నిలిచిపోయే అరుదైన జబ్బుతో పుట్టిన పద్దెనిమిది మంది శిశువుల్లో సగంమందికి ఎర్రమూత కొత్త మందు, మిగతా సగానికి నీలిమూత పాత మందు ఇస్తున్నారు. మూడు వారాల కిందట ఎర్రమూత పిల్లలందరికీ రక్తంలో కామెర్ల అంకె ఒక్కసారిగా ఎగబాకింది.

ఐదు నెలల బాబును గుండెకు హత్తుకుని ఒక తల్లి డిటెక్టివ్ గడప తొక్కింది.

“మందులో ఎవరో ఏదో కలుపుతున్నారమ్మా. రేపు సాయంత్రం ఆసుపత్రి కమిటీ ఈ కొత్త మందు పరీక్ష ఆపేస్తుందట. మావాడిది ఎర్రమూతే; అంతకుముందు వాడిన పాత మందు వాడికి పనిచేయలేదు. ఇక వేరే దారి లేదు.”

“బాబు విరేచనం ఏ రంగులో ఉంది?” అని డిటెక్టివ్ అడిగింది.

ఆమె సహాయకుడైన మేనల్లుడు మొహం తిప్పుకున్నాడు.

“ముక్కు తర్వాత మూసుకుందువుగాని, ముందు రాసుకో.”

“రాస్తున్నా అత్తయ్యా!”

తల్లి సంచిలోంచి ఆసుపత్రివాళ్లిచ్చిన రంగుల అట్ట తీసింది. రోజూ గుడ్డ మార్చేటప్పుడు ఆమె పెట్టిన గుర్తులు సున్నపు తెలుపు దగ్గర మొదలై, ఇప్పుడు పసుపు గడుల్లో ఉన్నాయి. డిటెక్టివ్ కనుబొమలు పైకి లేచాయి.

మర్నాడు పొద్దున రక్తం తీసే గదిలో ఎండ కళ్లలో పొడుస్తోంది. కిటికీ గట్టుమీద నీలిమూత పిల్లల రక్తపు గొట్టాల ట్రే ఉంది. దానిమీద అంటించిన కాగితం వెలిసిపోయింది.

“ఎర్రమూతవాళ్ల ట్రే ఏది?”

“బీరువాలో ఉందండీ. రెండూ కిటికీ దగ్గరే ఉండేవి. తారుమారవుతాయని నేనే మార్చాను,” అంది హెడ్ నర్సు. “మూడు వారాలైంది.”

“లాబ్ బండి ఎప్పుడొస్తుంది?”

“మధ్యాహ్నం. అప్పటిదాకా ఇక్కడే ఉంటాయి.”

బాబుకు ఆరోజు ఎలాగూ తీయాల్సిన రక్తాన్నే డిటెక్టివ్ రెండు గొట్టాల్లో పోయించింది. ఒకటి కిటికీ గట్టు ఎక్కింది. రెండోదానికి మేనల్లుడు నల్ల కాగితం చుట్టాడు. ఎందుకో అతనికి అంతుపట్టలేదు. అడిగితే చీవాట్లు తప్పవని మాత్రం తెలుసు.

సాయంత్రం కమిటీ గదిలో అందరూ చేరారు.

“తొమ్మిదిమంది పిల్లలు మందు మొదలుపెట్టిన తేదీలు వేరు. అయినా అంకె అందరికీ ఒకే వారం పెరిగింది. అది మందు చేసే పనిలా లేదు,” అంది డిటెక్టివ్.

“అయితే దోషి ఎవరు?” అన్నాడు అధ్యక్షుడు.

“సూర్యుడు. కామెర్ల అంకె కొలిచేది రక్తంలోని పచ్చరంగునే, దాన్ని ఎండ విరగ్గొడుతుంది. కిటికీ దగ్గర ఉన్నన్నాళ్లూ అందరి అంకెలూ దొంగతగ్గుదలే చూపాయి. బీరువాలోకి వెళ్లాక ఎర్రమూత పిల్లల అసలు అంకె బయటపడింది. ఇదిగో, పొద్దున ఒకే బాబుకు తీసిన ఒకే రక్తం. లాబ్‌లో కొలిస్తే ఎండలో ఉన్న గొట్టం ఐదు చూపింది, నల్లకాగితంలో ఉన్నది ఎనిమిది.”

హెడ్ నర్సు కళ్లు చెమర్చాయి. “అయితే ఈ గొడవంతా నావల్లేనా?”

“నీవల్లే నిజం బీరువాలో భద్రంగా ఉందమ్మా.”

“ఇంతకీ మందు పనిచేస్తోందా?” అని అధ్యక్షుడు నిలదీశాడు.

ఎర్రమూత పిల్లల తల్లులందరి దగ్గరా సేకరించిన రంగుల అట్టలు తొమ్మిదీ డిటెక్టివ్ బల్లమీద పరిచింది. తొమ్మిదింటిలోనూ తెలుపు పసుపైంది. “పైత్యం పేగుల్లోకి దిగితేనే ఈ రంగు వస్తుంది.”

“అట్టలు చూసి తీర్పు చెప్పమంటారా?”

“వద్దు. నేనూ చెప్పను. నాలుగు వారాలు ప్రతి గొట్టానికీ నల్లకాగితం చుట్టి కొలవండి.”

కమిటీ గుసగుసలాడుకుంది. చివరికి పరీక్ష ఆగలేదు.

నాలుగు వారాల తర్వాత ఆ తల్లి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చి, ఒక చీటీ మేనల్లుడి చేతిలో పెట్టింది. అతను గొంతు సవరించుకుని అత్తయ్యకు వినిపించాడు:

“ఎర్రమూత. నల్లకాగితం చుట్టిన గొట్టం. అప్పుడు ఎనిమిది, ఇప్పుడు రెండు.”